కాలు మిషనా, కరెంటు మిషనా? ముందు జాకెట్టా, ముందు పిల్ల వేషమా?

మా వీధిలో కుట్టుమిషను ఉన్న ఇళ్లు ఏడు. వాటిలో మిషను మీద నిజంగా కుట్టేది మూడిళ్లలోనే. మిగతా నాలుగిళ్లలో దాని మీద ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలో, పిల్లల స్కూలు బ్యాగులో ఉంటాయి. ఆ నాలుగింట్లో రెండేళ్లపాటు మాదీ ఒకటి. కుట్టు మీద ఇష్టం లేక కాదు, ఓపిక లేక అంతకన్నా కాదు. నేను కొన్న మిషనూ, దాని మీద మొదట పెట్టిన గుడ్డా రెండూ తప్పే. ఇప్పుడు మా ఇంట్లో రెండు మిషన్లున్నాయి, కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది. ముందే చెప్పేస్తున్నా.

మొదటిది కరెంటు మిషను. తెల్లగా, అందంగా, ముందువైపు పువ్వుల కుట్ల బొమ్మలతో ఉంటుంది చూడండి, అది. ఇలాంటివి నిమిషానికి 550 కుట్ల నుంచి 800 పైచిలుకు దాకా వేస్తాయి. అంకె చదివితే గొప్పగానే ఉంటుంది. 600 అనుకుంటే సెకనుకి పది కుట్లు. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు పెడితే సెకనుకి అంగుళం గుడ్డ లోపలికి వెళ్లిపోతుంది. ఏడంగుళాల మెడ వంపు ఏడు సెకన్లలో అయిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లకి అది వరం. నాకు మాత్రం పెడలు మీద కాలు ఆనగానే గుడ్డ నా చేతుల్లోంచి లాక్కుపోయినట్టుండేది. మెడ వంపు కాస్తా మూలలు తిరిగిన బల్లలా వచ్చేది. కాలు తీసేలోపు ఇంకో నాలుగు కుట్లు పడేవి. విప్పడం, మళ్లీ కుట్టడం, మళ్లీ విప్పడం. రూబియా లాంటి పల్చటి జాకెట్టు గుడ్డని మూడుసార్లు విప్పితే చిల్లులు కనబడతాయి.

రెండోది కాలు మిషను. ఊళ్లో మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర పాతది 3,500కి తీసుకున్నాను, ఇనప స్టాండుతో సహా. ఇళ్లలో కనబడే నల్ల మిషన్లలో చాలావాటికి మూలం పాత సింగర్ 15 నమూనానే. అందుకే వాటి బాబిన్ (కింద దారం చుట్టే బుల్లి చక్రం), షటిల్ (పై దారాన్ని కింద దారంతో ముడేసే భాగం), పాదం (గుడ్డని నొక్కిపట్టేది) ఏ చిన్న ఊళ్లో అడిగినా దొరుకుతాయి. కొనేముందు పెద్ద చక్రం తిప్పి చూడండి, ఎక్కడా పట్టెయ్యకుండా తిరగాలి. కొబ్బరినూనె వేసి వేసి బంకలా బిగుసుకుపోయిన మిషన్లు చాలా అమ్మకానికి వస్తాయి. మిషను నూనె తప్ప ఇంకోటి వెయ్యకూడదు.

మొదటి వారం ఇది కూడా ఏడిపించింది. కాలు మిషనులో చేతి చక్రం పైభాగం మన వైపుకి తిరగాలి. కాలి లయ తప్పితే చక్రం వెనక్కి తిరుగుతుంది, కింద దారం ఉండ చుట్టుకుంటుంది, టప్పున తెగుతుంది. ముప్పయ్యేళ్లుగా జాకెట్లు కుడుతున్న ఎదురింటి పిన్నిగారు వచ్చి చూసి, దారం మొత్తం తీసేయమన్నారు.

"దారం లేకుండా ఏం కుట్టను పిన్నిగారూ?"

"కాయితం కుట్టు. పిల్ల నోటుబుక్కు లేదూ, గీతలది? ఆ గీత మీద సూది పోనియ్యి. గుడ్డ జోలికెళ్లకు. చెయ్యి ఊరికే ఆనించమ్మా, లాగకు, అదే పోతుంది."

నాలుగు రోజులు కాయితాలే కుట్టాను. దానికి పాత సూది వాడాలి. కాయితం మీద సూది మొద్దుబారుతుంది, ఆ సూదితోనే తర్వాత శాటిన్ కుడితే పోగులు లాగేస్తుంది. గీత మీద చిల్లులు వరసగా పడటం మొదలయ్యాక, మూల దగ్గర సూది గుడ్డలో దించి ఆపడం, పాదం ఎత్తి గుడ్డ తిప్పడం నేర్పించారు. కాలు మిషనులో ఉన్న సుఖమంతా అక్కడే ఉంది. ఒక్క కుట్టు వెయ్యాలంటే ఒక్క కుట్టే వేస్తుంది. వేగం మన పాదాల్లో ఉంటుంది కాబట్టి తప్పు జరిగే ముందే ఆగొచ్చు.

మరి కాలు మిషనే మేలా? నేర్చుకునే మొదటి ఆరునెలలకి, అవును. కానీ అందరికీ కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు, గంట తొక్కాక మెట్లెక్కడం కష్టమవుతుంది. అద్దె ఇంట్లో ఉండి ఏటా మారేవాళ్లకి ఆ ఇనప స్టాండు బరువే ఒక సమస్య. కరెంటు మిషను అయితే పనయ్యాక బీరువా పైన పెట్టెయ్యొచ్చు. కరెంటు ఖర్చు గురించి భయపడక్కర్లేదు. 80 వాట్ల మోటారైతే పన్నెండు గంటలు నడిపినా యూనిట్ కాలదు.

పైగా నల్ల మిషనుకి తిన్నని కుట్టు తప్ప ఇంకోటి రాదు. చీర అంచు పోగులు ఊడకుండా వేసే పీకో కావాలన్నా, సాగే గుడ్డ కుట్టాలన్నా జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ వంకర్లు తిరిగే కుట్టు ఉండాలి. టీషర్టు గుడ్డని తిన్నగా కుట్టి పిల్లకి తొడిగితే, తల దూర్చగానే కుట్టు పుటుక్కుమంటుంది. అందుకే రెండేళ్లు మూలపడేసిన తెల్ల మిషనుని నేను అమ్మలేదు. ఇప్పుడు దాని మీద చేసేవి రెండే: పీకో, సాగే బట్టలు.

మధ్యేమార్గం ఒకటుంది. నల్ల మిషనుకే చిన్న మోటారు బిగించుకోవడం. కరెంటు పోయినప్పుడు తోలు బెల్టు తగిలించి తొక్కుకోవచ్చు. ఒక్కటే మిషను కొనే స్తోమతుంటే నా ఓటు దీనికే, అయితే మోటారు ఆరునెలల తర్వాత బిగించుకోండి. స్టేప్లర్‌లా చేత్తో నొక్కే బుల్లి మిషన్ల సంగతి అడక్కండి. అవి వేసేది బియ్యం బస్తా మూతికి వేసే గొలుసు కుట్టు. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది.

నేర్చుకోవడం ఎక్కడన్నది రెండో ప్రశ్న. యూట్యూబులో జాకెట్టు కటింగ్ తెలుగులోనే కావలసినన్ని ఉన్నాయి, లెక్కలు చక్కగా చెప్తారు. ఛాతీ 36 అయితే అందులో నాలుగో వంతు 9 అంగుళాలు, కుట్టుకీ, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోడానికీ కలిపి ఇంకో రెండు. ఇక్కడిదాకా వీడియో చాలు. కానీ నా గుడ్డ ఎందుకు ముడతలు పడుతోందో వీడియోకి తెలియదు. పిన్నిగారు దూరం నుంచి చప్పుడు విని, "పై దారం బిగువెక్కువైంది, స్క్రూ కాస్త వదులు చెయ్యి" అనేవారు. కుట్టు కేంద్రాల్లో మూడునెలల కోర్సుకి వెళ్లిన మా మరదలు మాత్రం పసిపిల్లల జబ్లా నుంచి మగవాళ్ల చొక్కా దాకా అన్నీ పుస్తకంలో అతికించిన బుల్లి నమూనాలుగా నేర్చుకుంది. ఇంటికొచ్చి అసలు సైజులో ఒక్కటీ కుట్టలేదు. సర్టిఫికెట్టు కావలసినవాళ్లకి కోర్సు, కుట్టు కావలసినవాళ్లకి ఎదురింటి పిన్నిగారు. మిషను ఉచితంగా వస్తుందేమోనని పీఎం విశ్వకర్మ గురించి నన్ను చాలామంది అడిగారు. 2023లో మొదలైన ఆ పథకంలో దర్జీ పని ఉన్న మాట నిజమే, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు. అది ఆ వృత్తి మీద బతికేవాళ్లకి. మనలాగా పిల్ల గౌను కోసం నేర్చుకునేవాళ్లకి కాదు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. మిషను ఏదైనా సరే, నేర్చుకోడానికి కూర్చున్న ప్రతి తెలుగింటి ఆడదీ మొదట కుట్టాలనుకునేది జాకెట్టు. కారణం తెలిసిందే. మా దగ్గర లైనింగ్ జాకెట్టుకి కుట్టుకూలి ఐదొందలు, పండగ ముందైతే తీసుకోవడమే గొప్ప. ఆ డబ్బు మిగులుతుందని ఆశ. నా ఉద్దేశంలో మొదటి కుట్టుకి అంతకన్నా చెడ్డ ఎంపిక లేదు. జాకెట్టంటే మెడ, చంక, టక్కులు (ఒంటి వంపు కోసం వేసే మడత కుట్లు), క్రాసు (ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ), హుక్కుల పట్టీ, అన్నీ ఒక్క మీటరులో. ఒంటికి అతుక్కుని ఉండాలి, పావంగుళం తేడా వచ్చినా భుజం జారుతుంది. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టుని ఆదిగా ముందు పెట్టుకుని కొలిచినా, ఆ ఆది జాకెట్టు కుట్టినావిడ ఎక్కడ ఎంత గుడ్డ లోపల వదిలిందో మనకేం తెలుసు? పైగా లైనింగ్ గుడ్డని ముందు నీళ్లలో తడిపి ఆరెయ్యాలని నాకెవరూ చెప్పలేదు. మొదటి ఉతుకులో లోపలిది కుంచించుకుపోయి పైది బుడగలు తేలింది. నా మొదటి జాకెట్టు అలా పోయింది. మిషను రెండేళ్లు మూలపడింది ఆ తర్వాతే.

మళ్లీ మిషను ముందు కూర్చోబెట్టింది కృష్ణాష్టమికి మా అమ్మాయి కట్టాల్సిన వేషం. స్కూల్లో గోపిక వేషం. అద్దె షాపుకి వెళ్తే 400 అద్దె, డిపాజిట్ వేరే. ఇచ్చిన లంగాకి చెమట వాసన, నడుం దగ్గర నాలుగు పిన్నీసులు. దాన్ని తిరిగిచ్చేసి ఎర్ర శాటిన్ కొనుక్కొచ్చాను. గుండ్రటి లంగా. లెక్క చూడండి, ఎంత తేలికో. ఎలాస్టిక్ వేస్తాం కాబట్టి నడుం కాదు, తుంటి కొలత తీసుకోవాలి. మా పిల్లది 24 అంగుళాలు. అది గుండ్రటి నడుం చిల్లు చుట్టుకొలత, దాన్ని 6.28తో భాగిస్తే ఆ చిల్లు వ్యాసార్థం 3.8. గుడ్డని నాలుగు మడతలు వేసి, మడత మూల నుంచి 3.8 దగ్గర ఒక వంపు గీత. అక్కడి నుంచి పొడవు 17, అంటే మూల నుంచి 20.8 దగ్గర ఇంకో వంపు గీత. అటూ ఇటూ కలిపి 42 అంగుళాల లోపే, కాబట్టి 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ మీటరుంపావు సరిపోయింది. కుట్టాల్సినవి రెండే: నడుం పట్టీ, కింద మడత. పక్క కుట్టు కూడా లేదు. చివర మా అత్తగారి పాత పట్టుచీర జరీ అంచు వేశాను. సన్నటి 11 నంబరు సూది పెడితే శాటిన్ పోగు లాగలేదు.

కింది మడత రెండుచోట్ల వంకరగా వచ్చింది. ఎవరికీ కనబడలేదు. వేషంలో ఉన్న మేలు అదే. స్టేజీ మీద పిల్ల తిరుగుతుంటే జనం చూసేది లంగా గేరు (విచ్చుకునే వెడల్పు), రంగు, మెరుపు. సురభి నాటకం ఒక్కటి చూసినా అర్థమవుతుంది, దీపాల కింద నకిలీ జరీ కూడా అసలు జరీలానే వెలుగుతుంది. వదులుగా ఉంటే ఎలాస్టిక్ లాగుతుంది, పొడుగైతే మడత వేస్తాం, ఒక్కరోజు నిలబడితే చాలు. అయినా చేతికి అందులో అన్నీ వస్తాయి: తిన్నని కుట్టు, వంపు మీద మడత, ఎలాస్టిక్ పట్టీ, జారిపోయే గుడ్డని పట్టుకోవడం.

కిరీటాలు, భుజకీర్తులు, ఝాన్సీ లక్ష్మీబాయి కత్తి, డాలు మాత్రం అద్దెకే తెచ్చుకోండి. అట్టతో కిరీటం చేస్తానని నేను ఒక రాత్రంతా ఫెవికాల్‌తో కుస్తీ పట్టాను, పొద్దున పిల్ల పెట్టుకోనంది. గుడ్డ సంగతి మనది, లోహం సంగతి షాపువాడిది.

గోపిక తర్వాత పసుపు శాటిన్‌తో కుట్టేసిన పంచె, ఆ తర్వాత దిండు గలేబులు, లోపలి లంగా, నైటీ. పరికిణీ దాకా రావడానికి ఏడాది పట్టింది. మొన్న సంక్రాంతికి లైనింగ్ లేకుండా మంగళగిరి గుడ్డతో ఒక జాకెట్టు కుట్టుకున్నాను. ఎడమ చంక ఇంకా కొంచెం పట్టేస్తోంది. పిన్నిగారు చూసి ఏమీ అనలేదు, కుట్టు విప్పి లోపల నేను గుడ్డ ఎంత వదిలానో కొలుచుకున్నారు.