హన్మకొండలో సివిల్స్ మాక్ టెస్టులు: సీశాట్‌కు సరే, మెయిన్స్‌కు వద్దు

ఆదివారాలు నడిచే ఈ ప్రిలిమ్స్ (సివిల్స్ తొలి దశ) మాక్ టెస్టుల్లో ముందు మెచ్చుకోవాల్సింది వేళలు. అసలు పరీక్షలాగే ఉదయం 9.30కి జీఎస్, అంటే జనరల్ స్టడీస్; మధ్యాహ్నం 2.30కి సీశాట్, అంటే ప్యాసేజీలు, లెక్కలు, రీజనింగ్ ఉండే పేపర్. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే వేళ ప్యాసేజీలు చదవడం అలవాటు కావాల్సిందే. ఇంట్లో తీరిగ్గా రాస్తే ఆ అలవాటు రాదు.

సీశాట్ విశ్లేషణ ఇంకా నయం. 80 ప్రశ్నలు, ఒక్కోదానికి 2.5 మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత, గట్టెక్కాలంటే 66. ముప్పై ఒప్పు, పది తప్పు అయితే 66.67, బయటపడ్డట్టే. పదకొండో తప్పు పడిందా, 65.83. ఇక జీఎస్‌లో ఎన్ని వచ్చినా దండగే. ఈ లెక్క ప్రతి ఒక్కరి షీటు మీద వేసిస్తారు. గుడ్డిగా బబుల్స్ నింపేవాళ్లకు ఇంతకన్నా మందు లేదు.

ప్రిలిమ్స్ పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మీడియం పిల్లలు చాలామంది తడబడేది లెక్కల దగ్గర కాదు, ప్యాసేజీలో ఉన్నదానికీ, తమకు ముందే తెలిసినదానికీ తేడా పట్టే దగ్గర. ఇక్కడిచ్చే జవాబుల కీలో ఆప్షన్ అక్షరం తప్ప కారణం ఉండదు. పెద్ద లోపమే.

బబుల్స్ ఉండే జవాబు పత్రం, ఓఎంఆర్, అంతా చివర్లో ఒకేసారి నింపుకోనిస్తున్నారు. ఒక్క వరుస జారితే కింద అన్నీ తప్పే, నల్ల బాల్‌పెన్ గీత చెరగదు. ప్రశ్నపత్రంలో ఒక్కో పేజీ అయిపోగానే ఆ బబుల్స్ నింపండి.

ప్రిలిమ్స్ దాటాక జవాబులు రాయాల్సిన మెయిన్స్ కోసం నడిపే బ్యాచ్‌లో మార్కులు వేస్తారు గానీ ఎందుకు తగ్గాయో రాయరు. ఆ ఫీజు మిగుల్చుకోండి.