మోనెన్సినా, ఈస్టా? ఫీడ్‌లాట్ దాణాలో ఏది మేలు?

ఫీడ్‌లాట్ అంటే మాంసం కోసం పశువులను ఒకచోట ఉంచి మేపే దొడ్డి. అక్కడ దాణాలో కలిపే మందు మోనెన్సిన్. పశువు తూకం ఒక్కటే చూసేవారికి అది పెద్దగా ఏమీ చేసినట్టు అనిపించదు. దాని పనితనం తొట్టిలో తెలుస్తుంది. రోజుకు 10 కిలోల దాణా తిని కిలోన్నర పెరిగే కోడెనే తీసుకోండి. మోనెన్సిన్ కలిపితే మేత సుమారు 3 శాతం తగ్గుతుంది, పెరుగుదల మాత్రం రెండు మూడు శాతం హెచ్చుతుంది. అంటే 9.7 కిలోలు తిని 1.54 కిలోలు పెరుగుతుంది. కిలో బరువుకు 6.67 కిలోల దాణా పట్టేది కాస్తా 6.3కు దిగుతుంది. ఒక్క కోడెకైతే ఇది చిల్లర లెక్కే. వెయ్యి కోడెలను 150 రోజులు మేపేవారికి మాత్రం అంతే బరువుకు మిగిలే దాణా 80 టన్నుల పైమాటే.

ఇందులో కిటుకు పెద్ద పొట్టలో ఉంది. హైడ్రోజన్ ఎక్కువగా వదిలే బ్యాక్టీరియాను మోనెన్సిన్ అణచివేస్తుంది, ప్రొపియోనిక్ ఆమ్లం తయారుచేసేవి బలపడతాయి. త్రేన్పుల్లో మీథేన్‌గా పోయే శక్తిలో కొంత ఒంటికి పడుతుంది. రక్త విరేచనాలు తెచ్చే కాక్సిడియాకు కూడా అది మందే.

ఈస్ట్ తీరు వేరు. బతికున్న ఈస్ట్ కణాలు పొట్టలోకి చేరిన ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటాయి, పొట్టను పుల్లబరిచే లాక్టిక్ ఆమ్లాన్ని వాడుకునే బ్యాక్టీరియాకు ఊతమిస్తాయి. గడ్డి నుంచి గింజల దాణాకు మారే మొదటి వారాల్లో, పేడ బూడిద రంగుకు తిరిగి నురగలు కనిపించే రోజుల్లో దీని విలువ తెలుస్తుంది. ఆ తర్వాత బరువులో వచ్చే లాభం ఒక మందలో కనిపిస్తుంది, మరో మందలో కనిపించదు. ఈస్ట్ రకాన్ని బట్టి, బతికున్న కణాల లెక్కను బట్టి ఫలితం మారుతుంది.

గింజలు దండిగా పెట్టి, దాణా సమంగా కలిపే చోట నా ఓటు మోనెన్సిన్‌కే. అమెరికా ఫీడ్‌లాట్లలో 1975 నుంచి అనుమతి ఉంది. ఐరోపా సమాఖ్యలో మాత్రం పెరుగుదల కోసం వాడటం 2006 జనవరి 1 నుంచి నిషిద్ధం, కాబట్టి అక్కడ ఈ పోటీయే లేదు. అదే ఆవరణలో గుర్రాలుంటే మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. 400 కిలోల గుర్రం ప్రాణం తీయడానికి ఒక గ్రాము అటూ ఇటూ మోనెన్సిన్ చాలు. దాణా కలిపే యంత్రంలో మిగిలిన అడుగుబొడుగు కూడా ముప్పే.

ఈస్ట్‌తో అలాంటి భయం లేదు. అయితే సంచిని ఎండ వేడిలో పడేసినా, దాణాను బాగా వేడిచేసి గుళికలుగా కొట్టినా కణాలు చస్తాయి. ఆపైన కొన్నది ఖరీదైన పిండి.