ధర పడ్డాకే నోరు విప్పే ఛానల్

మా ఇంట్లో ఈ బిజినెస్ ఛానల్ ఏళ్ల తరబడి మోగుతోంది. పేరు చెప్పను, పక్క ఛానల్ పెట్టినా పెద్ద తేడా కనిపించదు. ప్యాకేజీ ధర, యాప్ సంగతులు అందరికీ తెలిసినవే. నా కోపమంతా ఒక్కదాని మీద: జనం ఎగబడుతున్న షేరు గురించి వీళ్లు ఎదురు ప్రశ్న వేయరు.

2021 నవంబరులో పేటీఎం ఇష్యూ వచ్చింది, అంటే ఆ కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మింది. 18,300 కోట్లు, అప్పటికి దేశంలో అదే అతిపెద్దది. తెర మీద రోజంతా ఆ ఊసే. వచ్చిన ప్రతి అతిథీ డిజిటల్ చెల్లింపుల భవిష్యత్తును పొగిడేవాడు, యాంకర్ గంగిరెద్దులా తల ఊపేవాడు. కంపెనీ 2020-21 నష్టం 1,701 కోట్లు. ఇష్యూలో 10,000 కోట్లు షేర్లు అమ్ముకుంటున్న పాత వాటాదారులకే పోతాయి, కంపెనీకి దక్కేది 8,300 కోట్లు. ఇదంతా ఇష్యూ పత్రాల్లోనే ఉంది. మరి లాభం ఎప్పుడొస్తుంది, పాతవాళ్లు ఇప్పుడే ఎందుకు అమ్ముకుంటున్నారు? మా బావమరిది టీవీ వైపు తిరిగి ఈ రెండూ అడిగాడు. అతిథుల్లో ఒక్కరి నోటా జవాబు రాకపోయేసరికి దరఖాస్తు మానేశాడు.

తెర అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస పరుగెత్తుతుంటుంది. సెట్‌టాప్ బాక్సులో ఆపి చదివాను. అతిథికి గానీ, ఆయన ఖాతాదారులకు గానీ ఆ షేర్లలో పెట్టుబడి ఉండవచ్చట! ఆ ముక్క యాంకర్ నోటితో చెబితే అయిదు సెకన్లు పట్టదు.

నవంబరు 18న లిస్టింగ్, అంటే మార్కెట్లో ఆ షేరు కొనుగోళ్లు, అమ్మకాలు మొదలైన రోజు. 2,150కి ఇచ్చిన షేరు 1,564 దగ్గర ముగిసింది. ఒక విదేశీ బ్రోకరేజి ఈ షేరుకు 1,200 ధరే తగునని నివేదిక ఇచ్చిందని ఆ రోజే చెప్పారు. సాయంత్రానికి నష్టాలు, పోటీ, విలువ కట్టిన తీరు అన్నీ రంగురంగుల పట్టికలై వచ్చేశాయి. అదే యాంకర్, ఈసారి కనుబొమలు ముడేసి. ఆ అంకెల్లో చాలా భాగం ఇష్యూ నాటికే ఉన్నాయి, వీళ్లకే అప్పటిదాకా కనిపించలేదు. ఏడాది తిరిగేసరికి షేరు 450 దిగువకు జారింది.

టీవీలో చెప్పబోయే షేర్ల పేర్లను కొందరు అతిథులు ముందే బయటివారికి చేరవేశారని 2024 ఫిబ్రవరిలో షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. నా ఫిర్యాదు అంత పెద్దది కాదు. మోసం అక్కర్లేదు, మొహమాటం చాలు. గట్టిగా అడిగితే ఆ కంపెనీ అధికారి మళ్లీ ఇంటర్వ్యూకి రాడు, ప్రకటనలూ తగ్గుతాయి.

ఒకప్పుడు అడిగినవాళ్లకల్లా ఈ ఛానలే చూడమనేవాణ్ణి. త్రైమాసిక ఫలితాలు, రిజర్వు బ్యాంకు నిర్ణయాలు ఇప్పటికీ చకచకా ఇస్తుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే ఇప్పుడు అంకెలు చూస్తాను, మాటలు మ్యూట్‌లో ఉంటాయి. నాది నెలజీతం, నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌ల వ్యవహారం. రోజూ ట్రేడింగ్ చేసేవారికి ఆ హడావుడి పనికొస్తుందేమో. వచ్చే నెల కూడా ప్యాకేజీ తీసుకుంటాను, మా ఆవిడ చూసే క్రికెట్ ఛానల్ అందులోనే ఉంది మరి.