లారవెల్ కంట్రోలర్లు: మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర రెండేళ్ల వాడకం

కోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడలో మిల్లుల ముందు పచ్చి వడ్ల ట్రాక్టర్లు వరుస కడతాయి. అలాంటి ఒక మిల్లుకు గేటు టోకెన్లు, కాంటా తూకాలు, రైతుల ఖాతాలు చూసే వెబ్ అప్లికేషన్‌ను నల్లగొండలో కూర్చుని మేమిద్దరం లారవెల్‌లో, అంటే వెబ్ అప్లికేషన్ల కోసం పీహెచ్‌పీ భాషలో ఉన్న సిద్ధ చట్రంలో (ఫ్రేమ్‌వర్క్), రాశాము. వానాకాలం, యాసంగి కలిపి నాలుగు సీజన్లుగా అది నడుస్తోంది. ఈ పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌ను మెచ్చుకునేవారు ఎక్కువగా దాని డేటాబేస్ భాగాన్ని గురించే చెబుతారు. నేను కంట్రోలర్ల గురించే, అంటే బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను అందుకుని తగిన చోటికి పంపే కోడ్ గురించే, రాస్తున్నాను, ఎందుకంటే ఈ రెండేళ్లలో మాకు సుఖమైనా తలనొప్పి అయినా అక్కడి నుంచే వచ్చింది.

ప్రోగ్రామును మోడల్ (డేటా), వ్యూ (తెర మీద కనిపించేది), కంట్రోలర్ అని విడగొట్టే పద్ధతిని 1979లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం ట్రిగ్వే రీన్స్‌కాగ్ రూపొందించారు. అప్పట్లో కంట్రోలర్ అందుకున్నది మౌస్, కీబోర్డు కదలికలను. వెబ్‌లో ఆ స్థానంలోకి బ్రౌజర్ పంపే రిక్వెస్ట్ వచ్చింది. టేలర్ ఆట్‌వెల్ 2011 జూన్‌లో విడుదల చేసిన లారవెల్ తొలి వెర్షన్‌లో కంట్రోలర్లు లేనే లేవు, అదే ఏడాది రెండో వెర్షన్‌తో అవి చేరాయి. ఇప్పటికీ చిన్న పనిని కంట్రోలర్ లేకుండా ఏ చిరునామాకు ఏ కోడ్ అని రాసే రూట్ ఫైలులోనే ముగించుకోవచ్చు.

మిల్లు గేటు దగ్గర కూర్చునే గుమాస్తాను చూసిన తర్వాతే కంట్రోలర్ పని ఎంతవరకో నాకు స్పష్టమైంది. ఆయన బండి నంబరు, రైతు పేరు, ఊరు రాసుకుంటాడు, వివరాలు సరిగా లేకపోతే వెనక్కి పంపుతాడు, సరిగా ఉంటే టోకెన్ ఇచ్చి కాంటా వైపు దారి చూపుతాడు. తూకం వేయడు, తేమ చూడడు, ధర కట్టడు. లారవెల్ ఇచ్చే సదుపాయాలను సరిగా వాడుకుంటే కంట్రోలర్ కూడా ఇంతే చేస్తుంది. ఫారంలో వచ్చిన వివరాల తనిఖీకి ఫారం రిక్వెస్ట్ అనే ప్రత్యేక క్లాసు ఉంది. తప్పు ఉంటే మామూలు ఫారంను తప్పుల జాబితాతో వెనక్కి పంపుతుంది, మొబైల్ యాప్ అడిగితే 422 కోడ్‌తో జవాబిస్తుంది. చిరునామాలోని టోకెన్ సంఖ్యను బట్టి రికార్డును ఫ్రేమ్‌వర్కే వెతికి తెస్తుంది, దొరకకపోతే 404 చూపుతుంది. తూకాన్ని ఎవరు దిద్దవచ్చో పాలసీ క్లాసు నిర్ణయిస్తుంది, అనుమతి లేనివారికి 403 వెళుతుంది. ఈ మూడూ పక్కకు వెళ్లాక మా టోకెన్ కంట్రోలర్‌లోని స్టోర్ మెథడ్ (కొత్త టోకెన్‌ను భద్రపరిచే కోడ్ ముక్క) అయిదు లైన్లకు వచ్చింది.

మొదట అది అయిదు లైన్లు కాదు. లారవెల్ కమాండ్ పనిముట్టు ఆర్టిసాన్‌తో రిసోర్స్ కంట్రోలర్ తయారు చేయమంటే ఇండెక్స్ నుంచి డిస్ట్రాయ్ వరకు ఏడు ఖాళీ మెథడ్లు వస్తాయి, వాటిలో ఎంత రాసినా లారవెల్ అభ్యంతరం చెప్పదు. మేము ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నాము. తేమ 17 శాతం దాటితే ఎంత తరుగు తీయాలి, తాలుకు ఎంత, హమాలీ ఎంత అనే లెక్కంతా కాంటా కంట్రోలర్‌లోనే రాశాము. తర్వాత ఫోనులో చూసుకోవడానికి యాప్ కావాలని మిల్లు సేటు అడిగినప్పుడు, దాని కోసం రాసిన రెండో కంట్రోలర్‌లోకి అదే లెక్కను కాపీ చేశాము. సీజన్ మధ్యలో తరుగు పద్ధతి మారింది. ఒకచోట దిద్దాము, రెండోచోట మరిచాము. ఒకరోజు పొద్దున్నే ఫోను వచ్చింది: "సారూ, చీటీల ఒక లెక్క ఉన్నది, ఫోన్ల ఒక లెక్క ఉన్నది, రైతుకు ఏది చెప్పమంటరు?" తప్పు పూర్తిగా మాదే. ఆ రాత్రే లెక్కను విడి క్లాసులోకి మార్చాము; ఇప్పుడు రెండు కంట్రోలర్లూ దానినే పిలుస్తాయి, తరుగును పరీక్షించడానికి బ్రౌజర్ తెరవాల్సిన అవసరం కూడా లేదు.

గేటు దగ్గర నెట్‌వర్క్ బలహీనంగా ఉంటుంది కాబట్టి గుమాస్తా బటన్‌ను రెండుసార్లు నొక్కడం మామూలే. సేవ్ అయ్యాక కంట్రోలర్ మరో పేజీకి దారి మళ్లిస్తే, పేజీ రిఫ్రెష్ చేసినప్పుడు రెండో టోకెన్ పడే ప్రమాదం తప్పుతుంది కానీ, జవాబు రాకముందే రెండుసార్లు నొక్కితే అది కాపాడదు. ఫారం తెరిచినప్పుడే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, డేటాబేస్‌లో ఆ సంఖ్య రెండోసారి రాకుండా కట్టడి పెట్టిన తర్వాతే ఆ బెడద పోయింది. కంట్రోలర్ ఎంత చక్కగా రాసినా తీరని సమస్యలు కొన్ని ఉంటాయని ఒప్పుకోవాలి. రైతుకు వెళ్లే ఎస్ఎంఎస్ విషయం దీనికి భిన్నం: దానిని కంట్రోలర్ నుంచి తీసి వెనక విడిగా జరిగే పనుల వరుసలో (క్యూలో) వేయగానే, సందేశం వెళ్లేదాకా తెర ఆగిపోవడం అదే రోజు నిలిచిపోయింది.

కొత్తగా నేర్చుకునేవారు తడబడే చోటు మరొకటి ఉంది. 2024 మార్చిలో వచ్చిన 11వ వెర్షన్ నుంచి కొత్త ప్రాజెక్టులలో మిగతా కంట్రోలర్లకు ఆధారమైన బేస్ కంట్రోలర్ ఖాళీగా వస్తుంది. అనుమతి, తనిఖీల మెథడ్లు అందులో ముందుగా ఉండవు. పాత పాఠాలు చూసి అనుమతి మెథడ్‌ను పిలిస్తే అది లేదన్న ఎర్రర్ వస్తుంది. నాకైతే ఈ మార్పు నచ్చింది, కానీ మా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఒక పూట దీనితోనే గడిచిపోయింది. రిక్వెస్ట్‌లో వచ్చినదంతా నేరుగా మోడల్‌కు అందించకుండా, తనిఖీ దాటిన వివరాలనే అందించాలన్న సంగతిని కూడా ఆ అబ్బాయికి మొదటి రోజే చెప్పాను. లేకపోతే ఫారంలో లేని ధర గడిని ఎవరైనా చేర్చి పంపినా, మోడల్‌లో ఆ గడికి అనుమతి ఉంటే అది డేటాబేస్‌లోకి చేరిపోతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి ఇలాంటి మిల్లు, బత్తాయి కమీషన్ దుకాణం లేదా ఎరువుల షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ రాయాలనుకుంటే లారవెల్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను; అయిదింటికి నాలుగు మార్కులు. కంట్రోలర్ బరువు తగ్గించుకునే పనిముట్లన్నీ ఇచ్చి, వాటిని ఎప్పుడు అందుకోవాలో మాత్రం చెప్పనందుకు ఆ ఒక్క మార్కు తగ్గించాను. మా కాంటా కంట్రోలర్‌లో ఎనభై లైన్ల అప్‌డేట్ మెథడ్ ఒకటి ఇంకా మిగిలే ఉంది. దాని జోలికి యాసంగి వడ్లు ఒడిసిన తర్వాతే వెళతాము.