సోలార్ కరెంటు లైను పొలం మీదుగా వస్తే రైతుకు ఏది మేలు?

అనంతపురం సరిహద్దుకు ఆనుకునే ఉంది కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు. అక్కడ పలకలకు భూమి ఇచ్చిన రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో ఒప్పందం మొదలైంది. రెండేళ్లకోసారి అది 5 శాతం పెరుగుతుంది. అలాంటి పార్కుల కరెంటును మోసుకెళ్లే లైను వేరే రైతుల పొలాల మీదుగా పోతుంది. వాళ్లకు మాత్రం ఒక్కసారే పరిహారం. లైన్లకు అడ్డుపడుతున్నారని రైతులను తప్పుపట్టే ముందు ఈ తేడా చూడాలి.

టవర్లు వద్దు, భూమిలో కేబుల్ వేయండి అని చాలామంది అడుగుతారు. కేరళలో త్రిసూర్‌కు వచ్చే హెచ్‌వీడీసీ (ఎక్కువ వోల్టేజీ డైరెక్ట్ కరెంటు) లైనును వడక్కంచేరి నుంచి అలాగే భూమిలో వేశారు. ఇళ్లు కిక్కిరిసిన చోట అదే సరైన పని. కానీ ఖర్చు టవర్ల లైనుకు కొన్ని రెట్లు. పైగా కేబుల్ వేస్తే జనం ఒప్పుకుంటారన్న నమ్మకమూ లేదు. జర్మనీలో ఉత్తరాది గాలి కరెంటును దక్షిణాదికి తెచ్చే సూడ్‌లింక్ సుమారు 700 కిలోమీటర్ల లైను. టవర్లపై వ్యతిరేకత చూసి, ఇలాంటి లైన్లకు కేబుల్‌కే ప్రాధాన్యమని 2015లో చట్టం చేశారు. 2022కి అవ్వాల్సిన లైను 2028కి వాయిదా పడింది. కందకం తవ్వితే పైమట్టి చెడుతుందని, కేబుల్ వేడికి నేల ఆరిపోతుందని అక్కడి రైతులూ అభ్యంతరం చెప్పారు.

కాబట్టి రాయలసీమ మెట్ట పొలాల్లో టవర్లే వస్తాయి. తేల్చుకోవాల్సింది డబ్బు సంగతి.

400 కేవీ (కిలోవోల్టుల) లైను కారిడార్, అంటే తీగల కింద ఉండే నేల పట్టీ, వెడల్పు 46 మీటర్లు. అంటే తీగ 88 మీటర్లు సాగితే ఎకరం దాని కిందికి వచ్చినట్టే. కేంద్రం 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవర్ కాళ్ల స్థలానికి భూమి విలువలో 200 శాతం, కారిడార్‌కు 30 శాతం ఇవ్వాలి. 2015లో ఇవి 85 శాతం, గరిష్ఠంగా 15 శాతమే. పెంచడం మంచిదే. ఎకరం 10 లక్షలనుకుంటే, టవర్ కింద ఆరు సెంట్లు పోయిన రైతుకు 1.2 లక్షలు, ఎకరం కారిడార్‌కు 3 లక్షలు వస్తాయి. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, వేరుశనగ వేసుకోవచ్చు. మామిడి తోట పెట్టలేడు, ఇల్లు కట్టలేడు. అమ్మబోతే కొనేవాడు ముందు తీగల వైపే చూస్తాడు. ఆ నష్టం లైను ఉన్నన్నాళ్లూ ఉంటుంది, పరిహారం మాత్రం ఒక పెళ్లి ఖర్చుకో, పాత అప్పుకో అయిపోతుంది.

అప్పుల్లో ఉన్న ఇంటికి చేతికొచ్చే మొత్తం చిన్న విషయం కాదు. అందుకే టవర్ స్థలానికి ఒకేసారి, కారిడార్‌కు ఏటా కౌలు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. ఏటా డబ్బు వచ్చే భూమి అయితే ధర అంతగా పడిపోదు, లైను మీద ఊరికి కోపమూ తగ్గుతుంది. లైను కంపెనీకి ఇది ఏటా భారమే, చివరికి అది కరెంటు బిల్లులోకే వస్తుంది. ఆ కరెంటు వాడుకునేది మనమే కనుక మనం మోయడం న్యాయం.

ఒక్క షరతు. కౌలు ఎంతో, ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుందో, భూమి చేతులు మారితే ఎవరికి చెందుతుందో సర్వే రాళ్లు పాతకముందే కాగితం మీదకు రావాలి. పునాది గుంత తీశాక జరిగే చర్చల్లో రైతుకు బేరమాడే బలం ఉండదు.