అన్నయ్య పేరుతో ఒక పేజీ: స్మారక వెబ్‌సైటు సేవ ఎలా ఉందంటే

చనిపోయినవాళ్ల పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి ఫొటోలు, గొంతు రికార్డులు, జ్ఞాపకాలు దాచుకునే సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మా అన్నయ్య కోసం వాడుతున్నాను. అన్నయ్య తాగుడు వల్ల పోయాడు. గుండెజబ్బుతోనో వయసు మీదపడో పోయినవాళ్ల ఇళ్లలో రాని అవసరాలు మా ఇంట్లో వచ్చాయి. మందుకో మత్తుమందుకో మనిషిని పోగొట్టుకున్న ఇంకో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. ఇలాంటిది ఏది ఎంచుకున్నా ఇక్కడ చెప్పినవి ఒకసారి చూసుకోండి.

పేజీ తెరవగానే మరణ కారణం అడుగుతుంది. ప్రమాదం, దీర్ఘకాలిక అనారోగ్యం, వృద్ధాప్యం, ఇతరములు. దాని కిందే చిన్న అక్షరాల్లో, మీ మాటల్లో రాయండి లేదా ఖాళీగా వదిలేయండి అని ఉంటుంది. ‘తాగుడు జబ్బుతో ఏళ్ల తరబడి పోరాడి, లివర్ పాడై చనిపోయాడు’ అని టైపు చేశాను. అమ్మకి చదివి వినిపిస్తే, "పోయినవాడి గురించి ఇప్పుడవన్నీ ఎందుకే?" అంది. అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఏం జరిగిందని అడగలేదు, మిగతా సగం మంది గొంతు తగ్గించి అడిగారు. లోకం గుర్తించని, బయటికి చెప్పుకోనివ్వని దుఃఖం ఒకటుంటుందని కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఒక పుస్తకమే తెచ్చాడు. ఆ పుస్తకం గురించి చదివినప్పుడు మా అమ్మే గుర్తొచ్చింది. కొడుకు పోయాడని ఏడవడానికి కూడా ఆవిడ తలుపేసుకునేది.

చివరికి అమ్మే దారి చెప్పింది. "రాస్తే రాయి. కానీ ముందు వాడి పని గురించి రాయి" అంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది సరిగ్గా ఇక్కడే ఉంది. పేజీలో భాగాల వరస మన ఇష్టం. వేరే రెండుచోట్ల చూశాను, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కారణం అని పైనే అచ్చుపోసినట్టు ఉంటాయి, జరపడానికి వీల్లేదు. ఇక్కడ అన్నయ్య పేజీ మోటారు వైండింగ్‌తో మొదలవుతుంది. ఫ్యాను చప్పుడు విని బేరింగ్ పోయిందో కండెన్సర్ పోయిందో చెప్పేసేవాడు. రాగి తీగ చుట్లు లెక్కపెడుతున్నప్పుడు పెదాలు కదిలేవి, ఆ సమయంలో ఎవరు పలకరించినా చెయ్యెత్తి ఆగమనేవాడే తప్ప నోరు తెరిచేవాడు కాదు. జబ్బు సంగతి నాలుగో భాగంలో వస్తుంది. దాచలేదు, నెత్తిన కూడా పెట్టలేదు.

కాలరేఖ అని ఒక సదుపాయం ఉంది. ఒక్క తేదీనే కాదు, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా అని ఒక కాలాన్ని కూడా పెట్టుకోవచ్చు. అన్నయ్య మందు మానేసిన ఏడాదిని అలా పెట్టాను. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో ఏడాది నిండినందుకు ఇచ్చిన బిళ్ల ఫొటో తీసి దాని పక్కన చేర్చాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు కదా, ఇక ఆ ఏడాదికి విలువేముంది అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఆ ఏడాదిలోనే కొడుక్కి సైకిల్ నేర్పాడు. ఆ ఏడాదిలోనే పొద్దున్నే షాపు తీసేవాడు, అమ్మకి కళ్ల ఆపరేషన్ చేయించాడు. అవి జరిగాయి. జరిగినవాటిని ఆ తర్వాత తాగిన సీసాలు వెనక్కి తీసుకుపోలేవు.

గొంతు రికార్డుల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా ఫోన్లో అన్నయ్య పంపిన వాయిస్ మెసేజీలు చాలా ఉన్నాయి. కొన్ని మామూలువి, కొన్ని తాగి పంపినవి. తాగి పంపినవాటిలో ఏడుపు ఉంది, తిట్లు ఉన్నాయి, ఒకదాంట్లో చిన్నప్పుడు నాకు జడ వేసిన సంగతి మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాడు. ప్రతి ఫైలుకీ అందరికీ, పిలిచినవాళ్లకి, నాకు మాత్రమే అని విడివిడిగా తాళం వేసుకునే వీలుంది. ఆ జడ మెసేజీ నాకు మాత్రమే. చెరపను, ఎవరికీ వినిపించను. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే ఈ సేవ వాడేదాన్నే కాదు. ఎక్కించేటప్పుడు శబ్దం నాణ్యత కొంచెం తగ్గిస్తున్నారు కాబట్టి అసలు ఫైళ్లు మీ దగ్గర వేరేగా దాచుకోండి.

ఇక ఇబ్బందులు. మొదటిది సందర్శకుల పుస్తకం. సంతకం చేయాలంటే పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి. అన్నయ్యతో మీటింగుల్లో కూర్చున్నవాళ్లు నాలుగు మాటలు రాద్దామనుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైనప్పటి నుంచీ నిలబడింది పేరు బయటపెట్టరన్న నమ్మకం మీదే. మామూలు మనుషులు, ఉద్యోగాలున్నవాళ్లు, ఇంటిపేరు అడిగితే వెనక్కి తగ్గారు. సహాయ విభాగానికి ఇదంతా వివరంగా రాశాను. మొదట అచ్చు జవాబొకటి వచ్చింది. మళ్లీ రాశాక ఒక మనిషి చదివినట్టున్నారు, పేరులో మొదటి అక్షరం చాలనే వీలు మా పేజీకి కల్పించారు. ఇప్పుడా పుస్తకంలో ఒక్కో అక్షరంతో సంతకాలు ఉన్నాయి. వాటిలో ఒకరు, తను మానేసిన మొదటి వారం రోజూ రాత్రి అన్నయ్య ఫోన్ చేసేవాడని రాశారు. మాకెవరికీ తెలియదు ఆ సంగతి.

రెండోది ఇంకా ముఖ్యం. వచ్చిన వ్యాఖ్యని మనం చూశాకే పేజీలో కనిపించేలా ఒక మీట ఉంది, కానీ సంస్థ దాన్ని ఆపేసి ఇస్తుంది, సెట్టింగుల్లో లోపలెక్కడో ఉంటుంది. ఒక బంధువు ‘చేతులారా చేసుకున్నాడు’ అని రాశారు, అది నేరుగా పేజీకెక్కింది. మా వదిన చూసింది. ఫిర్యాదు చేస్తే ఆ రోజే తీసేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇలాంటి చావుల విషయంలో ఆ మీట మొదటినుంచే వేసి ఉండాలి. పేజీ తెరిచిన వెంటనే మీరు చేయాల్సిన మొదటి పని అదే.

ఇద్దరు నిర్వాహకులు ఒప్పుకుంటేనే మార్పు కనిపించే పద్ధతి కూడా ఉంది. వదిన, నేను అలా పెట్టుకున్నాం. ఆసుపత్రి చివరి రోజుల గురించి నేను రాసింది చదివి, "ఇందులో అబద్ధం లేదు. కానీ పిల్లాడు పెద్దయ్యాక ఇది నా నోటితో వినాలి, ఇక్కడ చదవకూడదు" అంది. తీసేశాను. జబ్బు మనిషి కథ ఒక్కరి సొంతం కాదు. వదిన ఆ రోజులన్నీ దగ్గరుండి చూసింది, నేను సెలవులకి వచ్చి చూశాను.

పేరు రాయకుండా ఊరికే ‘ఒక అన్న’ అని పెట్టొచ్చు కదా అని స్నేహితురాలు అడిగింది. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన బొంత పరిచారు, 1,920 పలకలు, ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అప్పుడు ఆ జబ్బు పేరెత్తితేనే జనం దూరం జరిగేవాళ్లు. అయినా ఎందరో ఇంటివాళ్లు, స్నేహితులు పేరు కుట్టారు. అన్నయ్యకీ పేరు ఉండాలనుకున్నాను. అమ్మ, వదిన సరేనన్నాకే పెట్టాను.

పేజీ అడుగున సమాచారం కోసం ఒక భాగం ఖాళీగా ఇస్తారు. అందులో నేను రెండు విషయాలు రాశాను. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ, వణుకు, జ్వరం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. గదిలో పెట్టి గొళ్లెం వేయడం వైద్యం కాదు. రెండోది, తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో లోయిస్ విల్సన్, ఇంకొకావిడ కలిసి మొదలుపెట్టిన అల్-అనాన్ గురించి. ఈ జబ్బు మీరు తెప్పించలేదు, మీరు అదుపు చేయలేరు, మీరు నయం చేయలేరు అని అక్కడ చెబుతారు. అమ్మకి మొదటి ముక్క చాలాసార్లు చెప్పాల్సి వస్తోంది.

ఏటా గుర్తుచేసే తేదీల్లో పుట్టినరోజు, వర్ధంతితో పాటు మనకి నచ్చినది ఇంకొకటి చేర్చుకోవచ్చు. మేము ఆగస్టు 31 పెట్టుకున్నాం. మత్తుమందు మోతాదు మించి పోయినవాళ్ల కోసం 2001లో మెల్‌బోర్న్‌లో సాల్వేషన్ ఆర్మీలో పనిచేసే సాలీ ఫిన్ రిబ్బన్లు పంచి మొదలుపెట్టిన రోజది. అన్నయ్య పోయింది మందు వల్లే అయినా, ఆ రోజు ఇతరుల పేజీలు చదువుతుంటే వదిన మొదటిసారి తనూ ఒకటి రాసింది.

ఇంకా సరిచేయనిది ఒకటుంది. పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకుంటే తెలుగు వత్తులు విడిపోయి చదవడానికి రావడం లేదు. అమ్మ ఫోన్లో చదవదు, కాగితం కావాలి. అప్పటిదాకా బ్రౌజరులోంచే నేరుగా ప్రింటు తీసుకోండి, అక్షరాలు సరిగ్గానే వస్తాయి. ఫొటోలు మాత్రం ఒక్కోటి ఒక్కో పేజీకి పోతాయి.