ఫోన్‌లో మెయిల్ సిగ్నేచర్: మూడేళ్ళు వాడాక

మాది నాపరాళ్ళ వ్యాపారం. ఇల్లు కడపలో, పాలిష్ యూనిట్ ఎర్రగుంట్లలో. కొటేషన్లు చాలావరకు ఫోన్‌లోనే పంపుతాను, బండలు ఎక్కుతున్న లారీ పక్కన నిలబడి. అందుకే మెయిల్ అడుగున పేరు, నంబరు ఎలా కనబడతాయన్నది నాకు సోకు సంగతి కాదు.

మొదట్లో మాత్రం సోకే. ఉచితంగా సిగ్నేచర్ చేసిపెట్టే సైటు ఒకటి పట్టుకుని లోగో, నా ఫొటో, వాట్సాప్ గుర్తు, ఫేస్‌బుక్ గుర్తు అన్నీ దట్టించాను. కంప్యూటర్‌లో చూస్తే పెళ్ళిపత్రికలా ఉండేది. వారం తిరక్కముందే ప్రొద్దుటూరు నుంచి ఒక ఇంజనీరు ఫోన్ చేశాడు. "అన్నా, నీ మెయిల్లో ఐదు అటాచ్‌మెంట్లు ఉండాయి. రేట్ల కాగితం యాది?" నాలుగు బొమ్మలూ అటాచ్‌మెంట్లయి కూర్చున్నాయి. ఇంకో తమాషా, కడప రాయి నలుపు కదా అని లోగోను నల్లక్షరాలతో, వెనక రంగు లేకుండా చేయించాను. డార్క్ మోడ్, అంటే తెర నల్లగా ఉండేలా పెట్టుకున్నవాళ్ళకు అది అమావాస్య రాత్రి నాపరాయే. తెలుగులో సంస్థ పేరు పెడదామని విజిటింగ్ కార్డు ఫైలు నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలొచ్చాయి. డీటీపీలో వాడిన ఆ పాత ఫాంటు, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్ పద్ధతిది కాదు మరి. ఫోన్ కీబోర్డులో మళ్ళీ కొట్టుకుంటే సరిపోయింది.

జీమెయిల్ యాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్ళి, మన అకౌంట్ నొక్కితే మొబైల్ సిగ్నేచర్ ఉంటుంది. అది కంప్యూటర్‌లో పెట్టుకున్నదానికి వేరు. రంగులు, బొమ్మలు ఉండవు, ఉత్త అక్షరాలే. మొదట ఇదేం పేదరికం అనుకున్నా, ఇప్పుడు నాకు బాగా నచ్చింది ఇదే. ఐఫోన్ మెయిల్‌లో అన్ని అకౌంట్లకూ ఒకటే పెట్టొచ్చు, దేనికదీ పెట్టొచ్చు. తయారుచేసిన సిగ్నేచర్‌ను అక్కడ పేస్ట్ చేస్తే రూపం మారిపోతుంది. అప్పుడు ఫోన్‌ను ఒక్క ఊపు ఊపి, అన్‌డూ నొక్కితే మళ్ళీ అసలు రూపం వస్తుంది. ఈ చిట్కా తెలియక నా బామ్మర్ది ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు నాది నాలుగే వరుసలు: పేరు, సంస్థ, ఫోన్ నంబరు, జీఎస్టీ నంబరు. 1995లో ఇంటర్నెట్ మర్యాదల మీద రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1855 పత్రంలోనూ సిగ్నేచర్ నాలుగు వరుసలు దాటొద్దనే ఉంది. నంబరును ప్లస్ 91తో, బొమ్మలో కాకుండా అక్షరాల్లోనే పెట్టాను. అవతలివాళ్ళు దాన్ని నొక్కి నేరుగా ఫోన్ చేస్తున్నారు. 15 అక్షరాల జీఎస్టీ నంబరు అడుగుతూ అకౌంటెంట్లు చేసే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగు 2005లోనే మారినా, రాయిని మాత్రం పాత 'కడ్డపా' స్పెల్లింగుతోనే వెతికే కొనుగోలుదారులు ఇప్పటికీ ఉన్నారు. అందుకని సంస్థ వరుసలో రెండూ ఉంచాను.

ఒక లోటు ఉంది. కంప్యూటర్ జీమెయిల్‌లో కొత్త మెయిల్‌కు ఒకటి, జవాబుకు ఒకటి పెట్టుకోవచ్చు. ఫోన్‌లో ఒక్కటే. బేరం పది జవాబులు సాగితే నా జీఎస్టీ నంబరు పదిసార్లు కనిపిస్తుంది. జవాబుల్లో చేత్తో చెరిపేస్తున్నాను.

బామ్మర్ది మెయిళ్ళ కింద మాత్రం 'సెంట్ ఫ్రమ్ మై ఐఫోన్' ఇంకా అలాగే ఉంది. తీసెయ్యరా, అది చూస్తే రేటు తగ్గించమని ఇంకా గట్టిగా అడుగుతారంటే, "ఉండనీలే బావా, ఇంకా ఈఎంఐలు కడతాండా" అంటాడు.